ముందు ఏసీ, తర్వాత ఇంజిన్

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ రోజు ఇంట్లో అందరికంటే ముందు లేచారు. లేచారనడం మర్యాద కోసం. రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లి, ఇక దొర్లే ఓపిక లేక దిగారు. ఆ ఉదయం తొమ్మిదింటికి డ్రైవింగ్ టెస్టు ఉంది. టెస్టు ఆయనకు కాదు, ఆయన భార్యకు. ఆయనకే అయితే హాయిగా గురకపెట్టి నిద్రపోయేవారు.

ఆవిడ అప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఒకటే కారణం: బండి కదిలీ కదలకముందే ఇంజిన్ ఆగిపోయింది. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి సొంత భార్యకు నేర్పలేకపోయాడన్న మాట ఆ నోటా ఈ నోటా పడి మాస్టారి చెవిదాకా వచ్చింది. అది ఆయన బాధ. ఆవిడ బాధ వేరు. పాప పుట్టినప్పుడు మానేసిన నర్సు ఉద్యోగం, పాప పెద్దదై హాస్టలుకు వెళ్ళాక ఇన్నాళ్ళకు మళ్ళీ దొరికింది. రోగుల ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చి, ఇంజెక్షన్లు ఇచ్చి రావాలి. ఆసుపత్రివాళ్ళు కారు ఇస్తారట, డ్రైవరును మాత్రం ఇవ్వరట. సోమవారం చేరేటప్పుడు లైసెన్సు చూపించాలి. లేకపోతే వరసలో తర్వాత ఉన్నావిడను పిలుస్తారు. కొత్త యూనిఫాం కుట్టించి బీరువాలో పెట్టుకున్న ఆవిడ, వంటింట్లోంచి వచ్చినప్పుడల్లా ఆ బీరువా తెరిచి చూసి మళ్ళీ మూసేస్తోంది.

మాస్టారికి మొదటినుంచీ నిలకడ తక్కువ. కుర్చీలో కూర్చుంటే కాలు ఆడిస్తారు, నిలబడితే తాళాలగుత్తి ఆడిస్తారు. స్కూలు కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు తడబడితే పక్కనుంచి ఆదుకోవడానికని వాటిని పెడతారు. మాస్టారి ఎడమకాలు మాత్రం ఎవరో తడబడేదాకా ఆగే రకం కాదు. ఎదుటివాళ్ళు క్లచ్చు గురించి ఆలోచించడం మొదలుపెట్టేసరికే అది వెళ్ళి తొక్కేసి వచ్చేస్తుంది.

ఇన్ని తొందరల మధ్య ఆయన నిదానంగా చేసే పని ఒక్కటే ఉంది, అది కారు ఆపడం. "ముందు ఏసీ, తర్వాత ఇంజిన్" అనేది ఆయన సూత్రం. ఏసీ ఆపాలి, కాస్త ఆగాలి, అప్పుడు తాళం తిప్పాలి. స్టార్టు చేసేటప్పుడు ఏసీ వేసి ఉండకూడదు. ఇక ఇంజిన్ ఆపేసి ఫ్యాను వేసుకుని కూర్చునేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట. "ఇంజిన్ ఆగాక చల్లదనం ఎలాగూ రాదు. వచ్చేది ఉత్త గాలి. ఆ గాలికి బ్యాటరీ ప్రాణం తోడేస్తారా? ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఇంట్లో సంపాదించే మనిషి ఉన్నట్టు. అది ఆగిపోయిందా, ఇక అందరూ తినేవాళ్ళే!" అని కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా చెప్పేవారు. మొదటి వారం పాఠంలో సగం ఇదే. దానికి భయపడి కారులో చెమటలు కక్కుకుంటూ కూర్చున్న శిష్యులు చాలామందే ఉన్నారు.

ఈమధ్య ఆయనకు కొత్త అనుమానం ఒకటి పట్టుకుంది. సాయంత్రం కారెక్కితే ఒకరోజు సీటు వెనక్కి వాలి ఉంటుంది, ఇంకోరోజు గాలి మూతలన్నీ పైకి తిరిగి ఉంటాయి. ఫ్యాను మీట మాత్రం ఎప్పుడు చూసినా ఆఖరి గీత మీదే. ఇది శిష్యుల పనే అని తేల్చేసుకుని, అందరినీ వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టారు. వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు తప్ప ఎవరూ ఒప్పుకోలేదు. ఈ కాలం పిల్లలకు నిజం చెప్పే ధైర్యం లేదని మాస్టారు చాలా బాధపడ్డారు.

సరే, ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం ఇది. అందరూ లేచేలోగా కారు తుడవాలి, ఓసారి ఇంజిన్ వేడి చేయాలి, భార్యను ఎనిమిదింటికల్లా ఎక్కించాలి, దారిలో క్లచ్చు గురించి మరోసారి చెప్పాలి. తలుపు పక్క మేకుకు వేలాడే తాళం తీసుకుని పార్కింగులోకి దిగారు. అద్దాలు తుడిచారు, కారెక్కారు, తాళం తిప్పారు.

"టక టక టక" అంది కారు.

మళ్ళీ తిప్పారు. ఈసారి "టక్" అని ఊరుకుంది. ఎదురుగా వెలగాల్సిన దీపాలు జ్వరంతో ఉన్నవాడు కళ్ళు తెరిచినట్టు నీరసంగా వెలిగాయి. మాస్టారి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే కారణం ఆయనకు తెలుసు. నిన్న సాయంత్రం ఆఖరి శిష్యుణ్ణి దింపి వచ్చి, ఇంజిన్ ఆపి, ఇంట్లోకి వెళ్ళబుద్ధికాక, ఒక్క నిమిషం గాలికి కూర్చుందామని ఫ్యాను వేసుకున్నారు. ఆ ఒక్క నిమిషంలో కన్ను మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి పార్కింగంతా చీకటి. నిన్న ఒక్కరోజే అయితే ఏమోగాని, ఎండలు ముదిరినప్పటినుంచీ సాయంత్రాలు ఇదే వరస. పొద్దస్తమానం పక్కవాడు గుద్దేస్తాడేమోనని బిగదీసుకుని కూర్చునే మనిషికి, ఎవరూ నడపని కారులో కూర్చోవడంలో ఉన్న సుఖం అనుభవిస్తేగాని తెలియదు.

బ్యాటరీ షాపు తెరిచేది పది తర్వాత. వీధి చివరి డ్రైవింగ్ స్కూల్లో, ఇంకో బండి బ్యాటరీనుంచి కరెంటు అందుకునే కేబుళ్ళు ఉంటాయి, కానీ ఆ స్కూలాయనకు బ్యాటరీ గురించి నడిబజార్లో ఉపన్యాసం ఇచ్చి ఇంకా నెల తిరగలేదు. చచ్చినా ఆ గుమ్మం తొక్కకూడదు. మాస్టారు కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతుండగా పై అంతస్తు పళ్ళ డాక్టరు తన కారు దగ్గరికి వచ్చాడు.

పళ్ళ డాక్టరు మంచివాడే. ఒకటే చిక్కు. రోజంతా నోరు తెరిచి పడుకున్నవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ, ప్రశ్న అడిగి జవాబు కూడా తనే చెప్పుకోవడం అలవాటైపోయింది.

"డాక్టరుగారూ, కాస్త ఇటు రండి," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "మా ఇంట్లో మాత్రం చెప్పకండి. నిన్న సాయంత్రం కార్లోనే నిద్రపోయాను."

"కార్లోనా?" డాక్టరు ముఖం జాలిగా మారింది. "నిన్న ఒక్కరోజేనా? కాదులెండి, ముఖం చూస్తేనే తెలుస్తోంది. రోజూ ఇదే, కదూ?"

"దాదాపు రోజూ. కానీ అది కాదు నేను..."

"ఇంట్లోకి వెళ్ళాలంటే మనసు రాదు. అంతేగా? అర్థమైంది. మగాళ్ళం, పైకి చెప్పుకోలేం."

"డాక్టరుగారూ, మీ బండికి కేబుల్ వేసి మా బండి..."

"బండి సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ. అయినా నా కారు బానెట్ నేనింతవరకు ఎత్తలేదు, ఎత్తితే గ్యారంటీ పోతుందని భయం. ముందు మీ సంసారం బాగుపడాలి. మీరేం మాట్లాడకండి. నేను చూసుకుంటాను." అని భుజం తట్టి, మాస్టారు చెయ్యి పట్టుకునేలోపే మెట్లెక్కేశాడు.

వెనకే పరిగెత్తితే పోయేది. కానీ మాస్టారు అప్పుడే తాళం ఇంకోసారి తిప్పి చూస్తే ఏమవుతుందోనన్న ఆశతో కారులో తల దూర్చారు. ఏమీ కాలేదు. తల బయటికి తీసేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది, ఒకరివి కావు.

అందరికంటే ముందు మాస్టారి తల్లి దిగింది. "ఒరే నాన్నా! ఇంత ఇల్లు పెట్టుకుని కార్లో పడుకుంటున్నావుట్రా! డాక్టరు వచ్చి చెబితేగాని కన్నతల్లికి తెలియకూడదా?" అంటూ కొడుకు గడ్డం పట్టుకుని కంటనీరు పెట్టుకుంది. ఆవిడ వెనక మోకాలు పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ మామగారు దిగారు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురి దగ్గరే ఉంటున్నారు. ఏసీ అంటే ఆయనకు చిన్నచూపు. "మా రోజుల్లో కిటికీలుండేవి" అని రోజుకొక్కసారైనా అంటారు. వాళ్ళిద్దరి వెనక డాక్టరు, మంచి పని చేసినవాడి ముఖంతో. అందరికంటే చివర మాస్టారి భార్య. టెస్టుకని జడ బిగించి వేసుకుని, చీరకొంగు నడుముకు చుట్టుకుని సిద్ధమై వచ్చింది, కానీ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అల్లుడుగారూ," అన్నారు మామగారు గంభీరంగా, "మీకు ఇంట్లో చోటు చాలకపోతే నాతో చెప్పాల్సింది. ముందుగది నేను ఆక్రమించాననేగా?"

"అయ్యో, అదేం కాదు మామయ్యగారూ."

"మీ మామగారి వల్ల కాకపోతే నా వల్లనా?" అంది తల్లి. "కూరలో ఉప్పు ఎక్కువైందని నేనేదో అంటూ ఉంటాను. అది నీ పెళ్ళాన్ని అన్నట్టు కాదురా, కూరని అన్నట్టు."

ఇక్కడ మాస్టారు నిజం చెప్పేయాల్సింది. నోరు తెరిచారు కూడా. ఎదురుగా డాక్టరున్నాడు. డాక్టరు దగ్గరికి ఊరంతా పళ్ళు చూపించుకోవడానికి వస్తుంది. ఏసీ సూత్రాల మాస్టారు ఫ్యానేసుకుని నిద్రపోయి బ్యాటరీ చంపేశాడన్న కబురు మధ్యాహ్నానికల్లా వీధి చివరి స్కూలుకు చేరుతుంది. దాంతో పోలిస్తే, ఇంట్లో మనశ్శాంతి లేని మొగుడిగా మిగిలిపోవడం ఆ క్షణానికి ఆయనకు గౌరవంగానే తోచింది. ఇలాంటివాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. తెరిచిన నోరు మూసుకుని తల దించుకున్నారు.

ఆ తల దించుకోవడమే ముంచింది.

భార్య నడుముకు చుట్టుకున్న కొంగు విప్పేసింది. "నేను టెస్టుకి రానండీ," అంది.

"అదేంటి!"

"మూడు నెలలనుంచి లైసెన్సు లైసెన్సు అని మీ ప్రాణం తోడేశాను. పొద్దున మీకు నేర్చుకునేవాళ్ళ గోల, రాత్రి నా గోల. ఇంటికి రావాలంటేనే భయపడేలా చేశానన్నమాట. ఇంట్లో మనిషి మనసే తెలుసుకోలేనిదాన్ని, రోగుల ఇళ్ళకెళ్ళి ఏం ఉద్ధరిస్తాను? సోమవారం రానని ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేస్తాను." వెనక్కి తిరిగి మెట్లవైపు నడిచింది.

మాస్టారికి బీరువాలో ఉన్న తెల్ల యూనిఫాం కళ్ళముందు కనబడింది. పరువు, ఊరు, వీధి చివరి స్కూలు అన్నీ గాలికి పోయాయి. పరిగెత్తుకెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"నీ మీద ఒట్టు, అదేం కాదు! నేనే తప్పు చేశాను. ఇంజిన్ ఆపేసి ఫ్యానేసుకుని కూర్చున్నాను. రోజూ కూర్చుంటున్నాను. నిన్న నిద్రపోయాను కూడా. బ్యాటరీ చచ్చింది. బండి కదలట్లేదు. అంతే!"

భార్య కళ్ళల్లో నీళ్ళు నిజంగానే తిరిగాయి.

"నా మనసు నొచ్చుకోకూడదని ఇంత అబద్ధం చెబుతారా?" అంది. "మీరు! ఇంజిన్ ఆపి ఫ్యానేసుకుంటారా? పాప చిన్నప్పుడు ఎండలో ఏడుస్తున్నా వెయ్యనివ్వని మనిషి!"

"నిజమే చెబుతున్నాను!"

"ఊరుకోండి మాస్టారూ," అన్నాడు డాక్టరు మెత్తగా. "అబద్ధమైనా అతికేలా ఉండాలి కదా! మీ శిష్యుడు మొన్న నా కుర్చీలో పడుకుని, నా క్లినిక్కు ఏసీ కూడా ముందు ఆపమని చెప్పాడు. మీరేంటి, బ్యాటరీ చంపడమేంటి?"

నిజం చెప్పి నమ్మించలేకపోవడమంటే ఏమిటో మాస్టారికి ఆ రోజు తెలిసింది. సీటు చూపించారు, వాలి ఉంది. ఫ్యాను మీట చూపించారు, ఆఖరి గీత మీద ఉంది. "చూశారా? నేనే!" అని గుండె మీద కొట్టుకున్నారు. అప్పుడు తల్లి ముందుకు వచ్చి కొడుకు చెయ్యి కిందికి దించింది.

"చాల్లేరా. నువ్వు నామీద నింద పడకూడదని నెత్తినేసుకుంటున్నావని నాకు తెలుసు. ఆ ఫ్యాను నాది." కళ్ళు తుడుచుకుని చెప్పుకుపోయింది. "మధ్యాహ్నం మా చెల్లెలితో ఫోను మాట్లాడాలంటే ఇంట్లో గోడలకి కూడా చెవులే. పాలు తెస్తానని చెప్పి ఇక్కడికి దిగుతాను. తలుపులేసుకుంటే ఒక్క మాట బయటికి పోదు. ఉక్కపోస్తుంది కదా, గాలేసుకుంటాను. మాట్లాడితే పది నిమిషాలు, అంతకన్నా ఎప్పుడూ కాదు. మహా అయితే గంట."

మాస్టారు ఫ్యాను మీట వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూశారు.

మామగారు ఇబ్బందిగా దగ్గారు. "చెల్లెమ్మా, మీరు బాధపడకండి. సీటు వాల్చింది మీరు కాదుగా?"

"నాకెందుకు అన్నయ్యగారూ, నిటారుగా కూర్చునే మాట్లాడతాను."

"అది నేను." మామగారు నేల చూస్తూ అన్నారు. "భోజనం చేశాక ముందుగదిలో ఎండ పడుతుంది. కిటికీ తెరిచినా సెగే. ఇక్కడికొచ్చి సీటు వాల్చుకుని కాసేపు పడుకుంటాను. గాలి బాగా వస్తుంది." అని, అల్లుడి ముఖం చూసి, "మా రోజుల్లో కిటికీలుండేవి, నిజమే. ఏసీలు ఉండుంటే మేమూ వేసుకునేవాళ్ళం," అని చేర్చారు.

ఇక మిగిలింది ఒక్కరే. అందరూ ఆవిడ వైపు తిరిగారు. మాస్టారి భార్య కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"గాలి మూతలు పైకి తిప్పింది నేనే," అంది చివరికి. "సాయంత్రం మీరు రెండో బ్యాచిని థియరీ క్లాసులో కూర్చోబెట్టుకున్నప్పుడు ఇక్కడికొచ్చి కూర్చుంటాను. స్టార్టు చెయ్యను. ఉత్తినే క్లచ్చు తొక్కి వదులుతాను. గేరు మారుస్తాను. నాలో నేనే పైకి మాట్లాడుకుంటాను, అందుకని అద్దాలు ఎత్తేస్తాను. గాలి తిన్నగా కళ్ళల్లో కొడుతుందని మూతలు పైకి తిప్పాను."

"నేను నేర్పుతున్నాగా? మళ్ళీ ఒక్కదానివీ ఎందుకు?"

"మీరు పక్కనుంటే..." అని ఏదో చెప్పబోయి, "పోనివ్వండి," అని ఊరుకుంది.

ఒక కారు, ఒక బ్యాటరీ, నలుగురు మనుషులు. సంపాదించేవాడు ఒక్కడూ లేని ఇల్లు. మాస్టారు తను రోజూ చెప్పే పాఠం తన ఇంట్లోనే ఇంత చక్కగా కళ్ళకు కడుతుందని అనుకోలేదు. వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టిన శిష్యులు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"అయితే సంసారం బాగానే ఉందన్నమాట," అన్నాడు డాక్టరు, కొంచెం నిరుత్సాహంగా.

"టైమెంతయింది?" అంది భార్య. ఆ గొంతులో ప్రాణం లేచొచ్చింది. కొంగు మళ్ళీ నడుముకు చుట్టుకుంది.

టైము ఎనిమిది దాటింది. ఇక ఒకటే దారి. దీపాలు కాస్తయినా వెలుగుతున్నాయి కనుక, బండిని నెట్టి స్టార్టు చేయాలి. రెండో గేరులో పెట్టి, క్లచ్చు తొక్కిపట్టి, బండి ఊపందుకోగానే కాలు వదలాలి, ఇంజిన్ అందుకోగానే మళ్ళీ తొక్కాలి. లిప్తలో జరగాల్సిన పని. మాస్టారు స్టీరింగు ముందు కూర్చోబోయారు. అప్పుడు వెనక నెట్టేదెవరన్న ప్రశ్న వచ్చింది. తల్లికి డెబ్బై. మామగారికి మోకాలు. డాక్టరు పది వేళ్ళూ ఎదురుగా పట్టుకుని, "వీటి మీదే నా బతుకు మాస్టారూ, వీపుతో అయితే నెడతాను," అన్నాడు. మాస్టారు నెడితేనే బండి కదులుతుంది. పోనీ మామగారిని స్టీరింగు దగ్గర కూర్చోబెడదామంటే, క్లచ్చు తొక్కాల్సిన మోకాలే ఆయనకు వంగదు.

మిగిలింది క్లచ్చు చేతకాక రెండుసార్లు టెస్టు తప్పిన మనిషి.

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి కనుక మామగారు మోకాలు చాపుకుని మాస్టారి సీట్లో సర్దుకున్నారు. మాస్టారు వెనక చేరారు. డాక్టరు వీపు ఆనించాడు. తల్లి తన వంతుగా ఒక చెయ్యి వేసి, దేవుణ్ణి తలచుకుంది.

గేటు దాటించి వీధిలోకి తెచ్చి నెట్టారు. కారు కదిలింది. "ఇంకా... ఇంకా... ఇప్పుడు! వదులు! కాదు, తొక్కు! వదులు!" అని మాస్టారు గొంతు చించుకున్నారు. కారు ఒక్క ఎగురు ఎగిరి, ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. డాక్టరు వీపు జారి రోడ్డు మీద కూర్చున్నాడు.

భార్య కిటికీలోంచి తల బయటికి పెట్టింది. కోపం లేదు, బతిమాలుతున్నట్టుగా ఉంది. "ఏమండీ, మీరు నెట్టండి. అరవకండి."

రెండోసారి అరవడానికి ఆయన దగ్గర ఊపిరి లేదు. వీధి కొంచెం పల్లంగా ఉన్నచోటికి చేర్చేసరికి నోట్లో తడారిపోయింది. తల దించి, కళ్ళు మూసుకుని, ఉన్న సత్తువంతా చేతుల్లోకి తెచ్చి నెట్టారు. ఎడమకాలు మాత్రం రోడ్డు మీద కూడా లేని క్లచ్చు వెతుకుతోంది. అంతలో కారు చిన్నగా జలదరించింది, ఒక్కసారి గుర్రుమంది, చేతుల కిందనుంచి జారిపోయింది. మాస్టారు బోర్లా పడబోయి తమాయించుకుని చూసేసరికి, ఇంజిన్ శ్రుతిగా పాడుతూ కారు ముందుకు పోతోంది.

"ఆగు! నేనెక్కాలి! ఆగు!" అని వెంటపడ్డారు. నాలుగు అడుగులు వేశాక సంగతి తట్టింది. ఆగితే మళ్ళీ రాదు. "ఆగకు! పో! ఆగకు!" అని అరుస్తూ ఇంకా గట్టిగా పరిగెత్తారు. వీధిలో చూసేవాళ్ళకు ఆయన కారును పట్టుకోవాలనుకుంటున్నారో తరుముతున్నారో అర్థం కాలేదు. కారు సందు మలుపు దగ్గర నెమ్మదించి, ఇండికేటరు వేసి, చక్కగా తిరిగి మాయమైంది.

డాక్టరు తన కారులో మాస్టారిని తీసుకెళ్ళాడు. దారి పొడుగునా దాంపత్యంలో మాట్లాడుకోవడం ఎంత ముఖ్యమో చెబుతూనే ఉన్నాడు, ఆ చెప్పడం కోసం నిదానంగా కూడా నడిపాడు. మాస్టారు వినలేదు. ఆవిడ ఎక్కడో చౌరస్తాలో ఆగిపోయి ఉంటుంది. వెనక బళ్ళు హారన్లు కొడుతుంటాయి. మామగారు మోకాలు పట్టుకుని దిగలేక దిగుతుంటారు. ప్రతి మలుపులోనూ ఆ దృశ్యమే చూడబోతున్నానని గుండె చిక్కబట్టుకున్నారు. ఎక్కడా కనబడలేదు. కాలు ఆగకుండా కొట్టుకుంటుంటే డాక్టరు ఉపన్యాసం ఆపి, "మాస్టారూ, అక్కడ బ్రేకు లేదు, మ్యాటు చిరుగుతుంది," అన్నాడు.

టెస్టు మైదానం చివర రేకుల షెడ్డు కింద వాళ్ళ కారుంది. ఇంజిన్ నడుస్తోంది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. లోపల భార్య రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చుంది. పక్కన మామగారు సీటు వాల్చుకుని కళ్ళు మూసుకున్నారు. మాస్టారు తలుపు తీయగానే చల్లటి గాలి ముఖానికి కొట్టింది.

"ఏమైంది?" అన్నారు.

"అయిపోయిందండీ. పాసయ్యాను."

మాస్టారు తలుపు పట్టుకుని నిలబడిపోయారు.

"ఆగితే మళ్ళీ స్టార్టు కాదని భయం. అందుకని ఎక్కడా ఆగనివ్వలేదు," అంది ఆవిడ. మాట మాటకూ నవ్వు, ఏడుపు రెండూ వస్తున్నాయి. "టెస్టు పెట్టేటాయన వచ్చి కూర్చుంటూనే, ఉక్కగా ఉంది, ఏసీ వెయ్యమ్మా అన్నాడు. నా ప్రాణం పోయిందనుకోండి. ఏసీ వేస్తే ఇంజిన్ మీద బరువు పడుతుందని మీరు చెప్పిందే గుర్తొచ్చింది. ఆ బరువుతోనే ఎత్తు ఎక్కించి, మధ్యలో ఆపి, మళ్ళీ కదిలించమన్నాడు. కదిలించాను. పొద్దుట్నుంచీ ఇంజిన్ ఆగకుండా ఎక్కించింది నేనొక్కదాన్నేనట."

"మరి ఇదివరకు రెండుసార్లు..."

ఆవిడ స్టీరింగు మీంచి చేతులు తీసింది. "పార్కింగులో చెప్పబోయింది అదేనండీ. మీరు పక్కనుంటే, క్లచ్చు నేను వదిలానో మీరు తొక్కారో నాకే తెలిసేది కాదు. మీ కాలు లేకుండా మొదటిసారి నడిపేది టెస్టులోనే. అక్కడేమో ఆగిపోయేది. ఇవాళ పొద్దున మీరు వెనకనుంచి నెడుతుంటే పక్కన నాన్న మోకాలు తప్ప ఏమీ లేదు. కాలు వదిలాను, ఇంజిన్ అందుకుంది. అప్పుడు తెలిసింది, అది నా కాలేనని."

మాస్టారు కింద ఉన్న తన క్లచ్చు వైపు చూశారు. ఇన్నేళ్ళలో ఎందరి కాళ్ళకు తన కాలు అడ్డుపడిందో తలచుకుంటే సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా, జడ చెదిరి చెమటతో మెరుస్తున్న ఆ ముఖం చూస్తుంటే గర్వం పొంగుకొచ్చింది. "సోమవారం నేనే దింపి వస్తాను," అనబోయి నాలుక కరుచుకున్నారు. "సోమవారం నువ్వే వెళ్ళిరా," అన్నారు. కళ్ళు చెమర్చాయి.

అప్పుడే ఆఫీసు కిటికీలోంచి సంతకానికి రమ్మని ఆవిణ్ణి పిలిచారు. ఆవిడ కొంగు సర్దుకుని, తండ్రి భుజం తట్టి, దాదాపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. మాస్టారు ఆవిడ లేచిన సీట్లో కూర్చుని ఆ వెళ్ళడం చూస్తూ ఉండిపోయారు. మనసు ఆనందంలో ఉన్నప్పుడు చేతులు వాటికి తెలిసిన పని అవి చేసుకుపోతాయి. ఆయన చెయ్యి ఏసీ మీట మీదికి వెళ్ళి ఆపింది. కాస్త ఆగింది. ఆ తర్వాత తాళం తిప్పింది.

షెడ్డు కింద ఉన్నట్టుండి నిశ్శబ్దం పరుచుకుంది. మామగారు ఒక కన్ను తెరిచారు. టెస్టు కోసం వెనక వరసగట్టిన కార్లలో మొదటిది హారన్ కొట్టింది.

మాస్టారు గబగబా తాళం మళ్ళీ తిప్పారు. "టక్" అంది కారు.

భార్య సంతకం చేసి వచ్చింది. స్టీరింగు వైపు తలుపు తీసి పట్టుకుని, ఆయన దిగేదాకా ఓపిగ్గా నిలబడింది. ఎక్కి కూర్చుని, రెండో గేరు వేసి, "మీరు నెట్టండి, అరవకండి," అంది. డాక్టరు వీపు సిద్ధం చేసుకున్నాడు.

ఏసీ మాత్రం ముందే ఆపి ఉంది.